ఒక్క గంట వీధిలైట్లు ఆపించండి

సంపాదకులకు,

మొగల్తూరు మండలంలో రొయ్యల చెరువులు చేస్తుంటాను. రాత్రిళ్లు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందేమోనని టెన్షన్‌తో గట్టు మీదే ఉంటాం. అందుకే 2025 సెప్టెంబరు 7 నాటి చంద్రగ్రహణం పనిలో పనిగా చూశాను. పదకొండుకల్లా చంద్రుడు మొత్తం నీడలోకి వెళ్లి, తోమని రాగిచెంబు రంగుకు తిరిగాడు. సంపూర్ణంగా పట్టి ఉన్నది 82 నిమిషాలు. మబ్బులు వస్తూ పోతూ ఉన్నా సగానికి పైనే చూడగలిగాను. చెరువు మీద వెన్నెల పోయింది. అప్పటిదాకా లేని చుక్కలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. పున్నమి నాడు అన్ని చుక్కలు చూడటం నాకదే మొదలు.

ఊళ్లో మా మనవడు సెంటర్లో హైమాస్ట్ లైటు కింద నిలబడి చూశాడట. "ఏదో మసి గుడ్డలా ఉంది, ఇంతేనా తాతా?" అన్నాడు పొద్దున్నే.

పట్టు స్నానం, విడుపు స్నానం, ఊరగాయ జాడీ మీద దర్భ మా ఇంట్లోనూ ఉన్నాయి. వాటితో నాకు పేచీ లేదు. పట్టు ఎన్నింటికో, విడుపు ఎన్నింటికో పంచాంగం నిమిషాలతో సహా చెబుతోందంటే అది లెక్కకు అందే నీడ కాబట్టే కదా! భూమి నీడేనని ఆర్యభటుడు పదిహేను వందల ఏళ్ల కిందటే రాశాడు. ఆ నీడ అంచు వంపు చూస్తే భూమి గుండ్రమని పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

2026 మార్చి 3 నాటిది మనకు దక్కలేదు. చంద్రుడు ఉదయించేసరికే సంపూర్ణ దశ అయిపోయింది. మళ్లీ సంపూర్ణ చంద్రగ్రహణం 2028 డిసెంబరు 31నే, రాత్రి పావుతక్కువ పది నుంచి దాదాపు పదకొండు దాకా. భాద్రపదంలోలా మబ్బుల బెడద ఉండదు, మంచు పడకపోతే చాలు. కానీ అది న్యూ ఇయర్ రాత్రి. డీజేలు, ఫోకస్ లైట్లు ఏ లెవెల్లో ఉంటాయో తెలిసిందే.

పంచాయతీలూ, మున్సిపాలిటీలూ ఆ ఒక్క గంట వీధిలైట్లు, హైమాస్ట్ లైట్లు ఆపించాలి. నరసాపురం గోదావరి గట్టు మీదో, హైస్కూలు గ్రౌండులోనో పిల్లల్ని కూర్చోబెట్టాలి. టెలిస్కోపు అక్కర్లేదు, సూర్యగ్రహణానికిలా కళ్లద్దాలూ అక్కర్లేదు. కరెంటు తీసేయమని మాత్రం అనడం లేదండోయ్! నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే మా చెరువులు పోతాయి. వీధిలైట్ల స్విచ్చులు కట్టేస్తే చాలు.

— ఒక రొయ్యల రైతు,
మొగల్తూరు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా