పోలీస్ స్టేషన్ మెట్ల దగ్గర నాతో నిలబడ్డవాళ్లకు

మా సెల్ షాపు పది రోజులు మూసి ఉండేసరికి చాలామంది ఫోన్ చేశారు. అప్పుడు ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మీ అందరికీ నమస్కారం. జరిగింది ఇదీ.

మూడు నెలల కింద ఒకతను వాడిన ఫోన్ తెస్తే 6,500కి కొన్నాను. జగదీష్ మార్కెట్ నుంచి డిస్‌ప్లే తెచ్చి వేసి, ఒక కాలేజీ అబ్బాయికి అమ్మాను. అది దొంగ ఫోనట. పోగొట్టుకున్నావిడ, పోయిన ఫోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరుతో (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) కంప్లయింట్ పెట్టింది. ఈ అబ్బాయి అందులో సిమ్ వేయడంతో సమాచారం పోలీసులకు చేరింది. అతను నా షాపు పేరు చెప్పాడు. ఉన్నమాటే కదా.

స్టేషన్‌కి రమ్మని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. తప్పు చేయనివాడికి భయమెందుకని ఒక్కడినే వెళ్లాను. నాలుగు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇలాంటివి ఇంకెన్ని కొన్నావ్" అని తిప్పి తిప్పి అడిగారు. కంగారులో "తక్కువకొస్తోందని తీసుకున్నా సార్" అనేశాను. చివర్లో తెల్ల కాగితం మీద సంతకం పెట్టమన్నారు. రేపు పెడతానని బతిమాలి బయటపడ్డాను.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఇప్పుడు లాయర్ని పెడితే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. పక్కన జిరాక్స్ షాపు బాబాయి మాత్రం వినలేదు. ఆ రాత్రే బండెక్కించుకుని లాయరమ్మ ఇంటికి తీసుకెళ్లాడు. బాబాయ్, నీకు మొదటి దండం.

మేడం అడిగిన మొదటి ప్రశ్న, "నిన్ను సాక్షిగా పిలిచారా, అనుమానితుడిగానా?" నాకు తెలిస్తే కదా! సాక్షినైతే బీఎన్ఎస్ఎస్ (పోలీసులు, కోర్టులు ఎలా నడుచుకోవాలో చెప్పే చట్టం) 179 కింద, అనుమానం నా మీదే అయితే 35(3) కింద నోటీసు ఇస్తారట. "సాక్షివే అయితే నాకు డబ్బులు దండగ, ఇంటికెళ్లు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది. వాట్సాప్‌లో ఇలాంటి నోటీసు చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందట. దాని మీద గొడవ పడకు, వెళ్లి కాగితం మీద తీసుకో అన్నారు. తీసుకుని చూస్తే అది 35(3), అంటే అనుమానం నా మీదే.

ఇక నేను వాగిన "తక్కువకొస్తోందని" దగ్గర మేడం తల పట్టుకున్నారు. దొంగసొత్తని తెలిసి కొన్నా, అలా అనుకోవడానికి కారణం ఉండి కొన్నా బీఎన్ఎస్ (నేరాలు, శిక్షల చట్టం) 317 కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. నేను కంగారులో అన్న మాట నేరుగా అక్కడికే పోతుందన్నమాట. స్టేట్‌మెంట్ రాసుకున్నా దాని మీద సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉందట, ఖాళీ కాగితం సంగతి చెప్పేదేముంది! ముందస్తు బెయిల్‌కి వేలకు వేలు పోయమని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మేడం వద్దన్నారు. నోటీసు ప్రకారం హాజరవుతుంటే, కారణం రాయకుండా అరెస్టు చేయకూడదట.

రెండోసారి మేడం కూడా వచ్చి బయట వరండాలో కూర్చున్నారు. లోపల నేను మాట్లాడింది తక్కువే. అమ్మినతని ఆధార్ జిరాక్సు, యూపీఐలో డబ్బు పంపిన స్టేట్‌మెంట్, నా బిల్లు బుక్కు బల్ల మీద పెట్టి, ఇచ్చినట్టు రసీదు అడిగాను. ఎస్సై గారు యూపీఐ కాగితం చూశాక "మీరు" అనడం మొదలుపెట్టారు. కాగితాలు చూసి మనసు మార్చుకున్నందుకు ఆయనకూ కృతజ్ఞతలే. వారంలో ఆ అమ్మినతను దొరికాడు. ఇప్పుడు నేను ఆ కేసులో సాక్షిని.

ఫోన్ పోయినా, బిల్లు పట్టుకుని రెండుసార్లు స్టేషన్‌కి వచ్చి "అన్న నాకు రసీదు ఇచ్చే అమ్మాడు" అని చెప్పిన కాలేజీ తమ్ముడూ, నీ డబ్బులు సగం ఇచ్చాను, మిగతాది ఒకటో తారీకున. మేడం ఫీజు కూడా రెండు విడతల్లో తీసుకుంటామన్నారు. అదీ కట్టలేనివాళ్లు 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు పలుకుతారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారని మేడమే చెప్పారు.

సోమవారం షాపు తీస్తున్నాను. పాత ఫోన్లు మాత్రం కొన్నాళ్లు కొనను, దయచేసి అడక్కండి.