మంచు ఫొటో కింద తేదీ వేయండి

సంపాదకులకు నమస్కారం.

గంగోత్రి హిమానీనదం (మెల్లగా జారే మంచుగడ్డల నది) అంచున, గంగ పుట్టేచోటు గోముఖ్. అక్కడ మా నాన్నగారు తీసిన నలుపు తెలుపు ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. వెనక సిరాతో 'గోముఖం, 12-9-84' అని రాసుకున్నారు. నిరుడు మే మొదటి వారంలో నేనూ మా అబ్బాయీ ఆ ఫొటో వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లాం. ఆయన ఎక్కడ నిలబడి తీశారో ఎంత వెతికినా ఆనవాలు దొరకలేదు. ఇంటికొచ్చాక రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే మావాడు, "తాతయ్య ఫొటోలో కన్నా ఇప్పుడే మంచు ఎక్కువుంది కదా నాన్నా" అన్నాడు.

చూడ్డానికి అలాగే ఉంది మరి. కానీ మేలో కనిపించేది ఆ చలికాలం కురిసిన మంచు. వానాకాలం చివరికి అది కరిగిపోతేగానీ అసలు హిమానీనదం బయటపడదు. అది తెల్లగానూ ఉండదు. పైనంతా రాళ్లూ మట్టీ కప్పేసి బూడిదరంగు గుట్టలా ఉంటుంది, అంచున పగిలినచోట మాత్రం నీలంగా మెరుస్తుంది. నాన్నగారి ఫొటోలో ఉన్నది ఆ గుట్టే. వెనక తేదీ లేకపోతే మావాడి మాటే నిజమనుకునేవాళ్లం.

హిమాలయాలు కరుగుతున్నాయన్న వార్త మన పత్రికల్లో తరచూ వస్తోంది. పక్కన వేసే ఫొటో ఎక్కడిదో, ఏ నెలలో తీసిందో ఉండదు. అలాంటి ఫొటో దేనికీ సాక్ష్యం కాదు. 1866లో ఇంగ్లిష్ ఫొటోగ్రాఫర్ శామ్యూల్ బోర్న్ గోముఖ్‌ను ఫొటో తీశాడు. 1935లో భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన జాన్ ఆడెన్ అంచు ఎక్కడుందో కొలిచి పటం గీశాడు. 1996 నాటికే ఆ అంచు కిలోమీటరుకు పైగా వెనక్కి పోయిందని ఇవాళ గట్టిగా చెప్పగలుగుతున్నామంటే, ఆడెన్ చోటూ కాలమూ రాసిపెట్టబట్టే.

దయచేసి మీరు వేసే ప్రతి మంచు ఫొటో కిందా ఊరూ నెలా సంవత్సరమూ వేయండి. పాత, కొత్త ఫొటోలు పోల్చేటప్పుడు రెండూ ఒకే నెలవి ఉండేలా చూడండి.

ఉత్తరాఖండ్ అటవీశాఖకూ ఒక విన్నపం. గోముఖ్‌కు రోజుకి 150 మందినే అనుమతిస్తున్నారు, అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లే. ఆస్ట్రేలియా సముద్రతీరాల్లో 2017 నుంచి ఫోను ఆనించే స్టాండ్లు పాతారు. ఎవరు తీసినా ఒకే కోణంలో వస్తుంది, వాటితో ఇసుక ఎంత కోసుకుపోయిందో లెక్కగడుతున్నారు. గోముఖ్ దారిలోనూ కదలని బండ మీద అలాంటిది ఒకటి పెడితే, యాత్రికుల ఫొటోలే ఏటేటా కొలతగా పనికొస్తాయి.

నాన్నగారి ఫొటో నకలు జతపరుస్తున్నాను. వేసేటట్లయితే వెనకున్న తేదీ కూడా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి