షెర్పా వేరు, ఉన్ని వేరు

సంపాదకులకు నమస్కారం.

చలికాలపు దుస్తుల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. రంగుల ఎంపిక గురించి రాసిన భాగం బాగుంది. కానీ వ్యాసం పొడుగునా ‘షెర్పా ఉన్ని’ అని రాశారు. పైగా ‘ఉన్ని అయినా, షెర్పా అయినా ఉతికే పద్ధతి ఒక్కటే’ అని సలహా కూడా ఇచ్చారు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేయడమే నా వృత్తి. ఆ సలహా నమ్మినవారి బట్టలు చివరికి మావంటివాళ్ల దగ్గరికే వస్తాయి. అప్పటికి మేము చేయగలిగేది ఏమీ ఉండదు.

ఉన్ని అనేది పోగు. గొర్రె ఒంటి మీద పెరుగుతుంది. మన జుట్టు మాదిరే కెరాటిన్ అనే ప్రొటీనుతో ఏర్పడుతుంది. షెర్పా అన్నది బట్టను తయారుచేసే తీరు. ఒకవైపు నున్నగా అల్లి, రెండోవైపు పొట్టి కుచ్చును, అంటే బొచ్చులాంటి పోగులను, రింగులు తిరిగేలా లేపుతారు. బొచ్చుతో సహా పదును చేసిన గొర్రె తోలులా కనబడాలన్నది ఉద్దేశం. ఆ కుచ్చు చాలావరకు పాలిస్టర్, కొన్నిసార్లు యాక్రిలిక్; రెండూ కృత్రిమ పోగులే. నూలు కలిపినవీ ఉన్నాయి. గొర్రెను అంత ముద్దుగా అనుకరించే ఆ బట్టలో సాధారణంగా గొర్రెది ఒక్క వెంట్రుక కూడా ఉండదు.

ఇక ఉతుకు సంగతి. ఉన్ని పోగు చుట్టూ కంటికి కనబడని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని మరి వదలవు. స్వెట్టరు చేతులు కురచబడతాయి, అల్లిక కళ్లు పూడుకుపోతాయి, బట్ట అట్టకట్టి దళసరి అవుతుంది. ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగినా మునుపటి కొలతకు రాదు. మరకలు వదిలిస్తాయని చెప్పే పొడుల్లో చాలావాటిలో ప్రొటీనును కరిగించే ఎంజైములుంటాయి. రక్తపు మరకకు అవి మంచి మందే. కానీ ఉన్ని కూడా ప్రొటీనే కదా, ఆ ఎంజైములు దాన్నీ మరకగానే చూస్తాయి! చాకలిసోడా కూడా ఉన్నికి పడదు. చల్లని నీళ్లు, ఉన్ని కోసమే చేసిన సబ్బు ద్రావణం వాడాలి. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, పరిచి ఆరబెట్టాలి.

షెర్పాకు ఈ సుకుమారం లేదు. మెషీన్‌లో వేసినా తట్టుకుంటుంది, త్వరగా ఆరుతుంది. దానికి గిట్టనిది వేడి. పాలిస్టర్ దాదాపు 250 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. వేడి ఇస్త్రీపెట్టె కాలరుకు కాస్త ఆనితే చాలు, కుచ్చు కొనలు ఒకదానికొకటి అతుక్కుని పెట్టె మొన ఆకారంలో మెరిసే మచ్చ పడుతుంది. వేలితో తడిమితే అక్కడ గట్టిగా, గరుకుగా తగులుతుంది. ఏ బ్రష్షుతో దువ్వినా ఆ కుచ్చు మళ్లీ లేవదు. అదే ఉన్ని కోటు మీద తడిగుడ్డ పరిచి ఆవిరి పడితే ముడతలు హాయిగా విడిపోతాయి. రెంటికీ ఒకే పద్ధతి అని ఎవరు చెప్పారో గానీ, వారు ఇస్త్రీపెట్టె పట్టి ఉండరు.

వెచ్చదనం విషయంలో రెండూ చేసే పని ఒకటే, గాలిని పట్టి ఉంచడం. చెమట పట్టినప్పుడు తేడా తెలుస్తుంది. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతం తేమను లోపలికి పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. పాలిస్టర్ పోగు ఒక శాతం కూడా పీల్చదు.

నిప్పు దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ఉన్ని సులువుగా అంటుకోదు, మంట తీసేస్తే చాలావరకు తానే ఆరిపోతుంది, కాలిన జుట్టు వాసన వేస్తుంది, బూడిద నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి చుక్కలుగా కారుతుంది, చర్మానికి అంటుకుంటుంది. పొయ్యి ముందు నిలబడేవారికి షెర్పా కోటు సూచించడం నాకు నచ్చలేదు.

షెర్పా అంటే నాకు చిన్నచూపు లేదు. తేలిక, దురద పెట్టదు, ఉన్నిని తినే పురుగు దాని జోలికి రాదు. రోజూ ఉతకాల్సిన పసిపిల్లల బట్టలకు నేనైతే దాన్నే చెబుతాను. అయితే పాలిస్టర్ బట్టలు ఉతికినప్పుడల్లా సన్నని పోగులు రాలి మురుగునీటిలో కలుస్తాయి. 6 కిలోల పాలిస్టర్ బట్టల నుంచి ఒక్క ఉతుకులో దాదాపు 5 లక్షల పోగులు రాలవచ్చని బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో అంచనా వేశారు. ఈ మాట మీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా ఉండాల్సింది.

కొనేవారు ముందువైపు వేలాడే అందమైన చీటీని కాకుండా లోపలి కుట్టులో ఉన్న చిన్న లేబుల్‌ను చదవాలి. బట్టల లేబుళ్ల గురించి ఐరోపా సమాఖ్య 2011లో చేసిన నిబంధనలోని పోగు పేర్ల జాబితాలో ఉన్ని ఉంది, పాలిస్టర్ ఉంది, షెర్పా లేదు. అందుకే ‘షెర్పా’ అని పెద్ద అక్షరాల్లో అమ్మే కోటు లోపలి లేబుల్ మీద ‘100 శాతం పాలిస్టర్’ అని కనబడుతుంది.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే ముందు ఆ ఉతుకు సలహాను సవరించండి. చలి ముదిరి పెట్టెల్లోని స్వెట్టర్లు బయటికి వచ్చేలోపే వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఇస్త్రీ వృత్తిలో ఉన్న మీ పాఠకుడు