మంచు ఫొటోలు బూడిద రంగులో ఎందుకొస్తున్నాయి?

సంపాదకులకు,

చలికాలం వచ్చిందంటే మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపిన కశ్మీర్, హిమాచల్ ఫొటోలు వేస్తున్నారు. సంతోషం. కానీ చాలా ఫొటోల్లో మంచు బూడిద పూసినట్టు కనిపిస్తోంది. ఈ ఏడాది వెళ్లబోయేవారికి పనికొస్తాయని, గుల్‌మార్గ్‌ను ఉదాహరణగా తీసుకుని కొన్ని సంగతులు రాస్తున్నాను.

ముందు లేచే వేళ సంగతి. జనవరి తొలి పక్షంలో హైదరాబాద్‌లో ఉదయం 6.48 ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. గుల్‌మార్గ్‌లో 7.35 దాటాలి. ఇక్కడి లెక్కన నాలుగింటికే బయటపడితే వేళ్లు కొయ్యబారిపోయి, అసలు వెలుగు వచ్చేసరికి ఓపిక ఉండదు. ఐదున్నరకు లేచి, ఆరున్నర, ఆరూ ముప్పావుకల్లా అనుకున్న చోట ట్రైపాడ్ వేసుకుంటే సరిపోతుంది. అంతకన్నా ఆలస్యం మాత్రం చేయకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే నీలి వెలుగు పరుచుకుంటుంది. ఆ తర్వాత అఫర్వత్ కొండ కొమ్ముకు గులాబీ రంగు తగులుతుంది, కింద మైదానం ఇంకా నీడలోనే ఉంటుంది. ఆ రంగు నిలిచేది కొద్ది నిమిషాలే. ఫోన్ చూపించే సూర్యోదయ సమయం చదునైన నేలకు కట్టిన లెక్క. చుట్టూ కొండలున్న పహల్‌గామ్, సోలాంగ్ లాంటి చోట్ల నేల మీదికి ఎండ దిగడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

ఇక బూడిద రంగు. కెమెరా మీటర్ ఎదుట ఉన్నదంతా సగటున మధ్యస్థంగా ఉంటుందనుకుని వెలుగును కొలుస్తుంది. ఫ్రేము నిండా తెల్లని మంచే ఉంటే వెలుగు ఎక్కువైందని పొరబడి తగ్గించేస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ కొలిచిన వెలుగును మనం పెంచుకునే, తగ్గించుకునే అమరిక) +1 నుంచి +1.7 దాకా పెంచుకోవాలి. హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో చీకటి ఎంతో, వెలుగు ఎంతో ఎడమ నుంచి కుడికి చూపించే గ్రాఫ్) గుట్ట కుడివైపుకు జరగాలి, కుడి గోడకు మాత్రం తగలకూడదు. తగిలిందంటే మంచు మీది గరుకుతనం పోయి అక్కడ ఉత్త తెల్ల కాగితమే మిగులుతుంది. ఫోన్‌తో తీసేవారు మంచు మీద వేలితో తాకి, పక్కన కనబడే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరిపితే ఇదే పని జరుగుతుంది. సూర్యుడే ఫ్రేములోకి వచ్చినప్పుడు ఈ లెక్క కుదరదు. అప్పుడు రెండేసి స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు లేదా సగం అవుతుంది) తేడాతో మూడు ఫ్రేములు తీసి పెట్టుకోవడం మేలు.

వైట్ బ్యాలెన్స్‌ను, అంటే వెలుగును బట్టి రంగులను సరిచేసే అమరికను, ఆటోలో వదిలేస్తే గులాబీ రంగును కూడా కెమెరా దిద్దేసే ప్రమాదం ఉంది. డేలైట్‌లో పెట్టండి, వీలైతే రా ఫైలు (కెమెరా దిద్దని మూల ఫైలు) తీయండి. మంచు మీద నీడలు నీలంగానే ఉంటాయి. ఆకాశపు రంగే అక్కడ పడుతుంది. ఆ నీలాన్ని తుడిచేయాలని చూడకండి, చలి కనిపించేది అందులోనే.

చలికాలంలో సూర్యుడు పొడిచేది ఆగ్నేయంలో. ఈశాన్యానికో నైరుతికో ముఖం పెట్టి నిలబడితే ఎండ పక్కనుంచి జారుతుంది. గాలి చెక్కిన మంచు అలలు ఒక్కొక్కటీ నీడతో సహా తేలతాయి. అయితే చాలామంది ఫొటోను పాడుచేసుకునేది ఇక్కడే. ముందు నడిచి చూసి, తర్వాత కెమెరా తీస్తారు. తీరా చూస్తే ఫ్రేములో అన్నీ వాళ్ల అడుగులే! ముందురోజు సాయంత్రమే చోటు ఎంచుకుని, తెల్లవారి అంచు వెంబడి చుట్టు తిరిగి అక్కడికి చేరాలి. రాత్రి మంచు కురిసి, తెల్లారేసరికి మబ్బు విడిపోయిన రోజు దొరికితే వదలకండి. కొమ్మల మీది మంచు ఎండకు, గాలికి త్వరగానే రాలిపోతుంది. ఫొటో కోసం ఒంటరిగా ఏటవాలు కొండల మీదికి మాత్రం ఎక్కవద్దు. అఫర్వత్ వాలుల్లో మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నిజమైనది.

ట్రైపాడ్ కాళ్లను మెత్తటి మంచులో పూర్తిగా విడదీసి నొక్కితే అవి మరీ విచ్చుకుని విరిగే ప్రమాదం ఉంది. సగం విడదీసి, గట్టి పొర తగిలేదాకా దింపి, ఆ తర్వాత సరిచేసుకోవాలి. మైనస్ పది డిగ్రీల చలిలో బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. రెండోదాన్ని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచాలి. చల్లబడి ఆగిపోయినదాన్ని పారేయవద్దు, వెచ్చబడితే మళ్లీ కొంతసేపు పనిచేస్తుంది. లెన్సు మీద పడ్డ మంచు పొడిని నోటితో ఊదకండి, ఊపిరి తడి అక్కడే గడ్డకడుతుంది. మెత్తటి బ్రష్‌తో దులపాలి.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు హోటల్‌కు తిరిగొచ్చాక జరుగుతుంది. చల్లటి కెమెరాను నేరుగా బుఖారీ (కశ్మీరీ గది పొయ్యి) వేడి గదిలోకి తెస్తే లోపలిదాకా చెమ్మ పడుతుంది. బయట ఉండగానే జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా బిగించి, ఆ తర్వాతే లోపలికి తేవాలి. గంటో రెండు గంటలో గడిచేదాకా కవర్ విప్పకూడదు. మెమొరీ కార్డు కావాలనుకుంటే బయటే తీసుకోవాలి.

చివరగా మీకు రెండు విన్నపాలు. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పరుచుకుని మధ్య ఛాయలు మరింత ముదురుతాయి కాబట్టి, మంచు ఫొటోలను అచ్చుకు పంపేముందు మీ డెస్క్ వాళ్లు మధ్య ఛాయలను కాస్త తేలిక చేయాలి. ఫొటో కింద పేరుతోపాటు చోటు, తీసిన వేళ, కాంపెన్సేషన్ ఎంతో కూడా వేయండి.

– ఒక పాఠకుడు, వరంగల్