పెద్దల గుట్టు పిల్లల చేత మోయించకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రోగ్రెస్ కార్డులు శనివారం ఇస్తాం, సంతకం చేసి సోమవారం పంపండి. ఐడీ కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఆఫీసులో చెబితే చాలు.

ఇక అందరూ మాట్లాడుకుంటున్న విషయం. గత వారం మన పిల్లల్లో ఒకరి ఇంటి సంగతి పేరెంట్స్ గ్రూపుల్లో రాత్రి 11 దాకా తిరిగింది. ఆ కుటుంబం గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను. మీరూ దయచేసి ఆపండి. మర్నాడు పొద్దున అవే మాటలు ఆరో తరగతి వరండాలో వినిపించాయి. పిల్లలు నిద్రపోయారనుకుని మనం మాట్లాడుకుంటాం, వాళ్లు వింటూనే ఉంటారు.

అమ్మకో నాన్నకో మరొకరితో సంబంధం ఉందని ఈ వయసు పిల్లలకు చాలాసార్లు ఎవరూ చెప్పరు. ఇంట్లో అందరూ వాడే ట్యాబ్‌లో ఒకరి ఖాతా తెరిచే ఉంటుంది. హోంవర్క్ చేస్తుండగా పైన ఒక సందేశం మెరిసి మాయమవుతుంది. చెబితే ఇల్లు చెదిరిపోతుందేమో, చెప్పకపోతే ఈ మోసంలో నాకూ భాగముందేమో అని ఆ క్షణం నుంచి ఆ బిడ్డ నలిగిపోవడం మొదలవుతుంది.

మార్కులు వెంటనే తగ్గాలని లేదు. తరచుగా ముందు చెడేది నిద్ర. టీనేజీ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. తర్వాత కడుపునొప్పి, తలనొప్పి, బడి వదిలినా ఇంటికి కదలకపోవడం. ఏ తప్పూ చేయని తల్లి మీదో తండ్రి మీదో విరుచుకుపడడం కూడా ఉంటుంది. ఎంత కోప్పడినా వీళ్లు నన్ను వదిలిపోరన్న ధైర్యం వాళ్ల దగ్గరే కదా. కొందరు ఉన్నట్టుండి అతి బుద్ధిమంతులైపోతారు. వాళ్లనే మనం గమనించం.

బయటపడ్డాక పెద్దలు చేసే మొదటి తప్పు "నువ్వు పొరబడ్డావు" అనడం. అలా అంటే బిడ్డకు తన కళ్ల మీదే నమ్మకం పోతుంది. రెండోది "అమ్మకి చెప్పకు" అనడం. ఇది మరీ అన్యాయం. చెప్పాల్సింది కొంచెమే: నువ్వు చూసింది నిజం, ఇందులో నీ తప్పేమీ లేదు, దీన్ని నువ్వు దాచక్కర్లేదు, చెప్పాల్సిన బాధ్యత నాది. ఆ చెప్పడమేదో రెండు మూడు రోజుల్లో జరిగిపోవాలి. వీలైతే ఇద్దరూ కలిసి కూర్చుని బిడ్డతో మాట్లాడండి, 15 నిమిషాలు చాలు. ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లుగా అన్న వివరాలు వద్దు. రేపు బడికి ఎవరు దింపుతారు, ఎవరు ఎక్కడ ఉంటారు అన్నవి చెప్పండి. ఇంట్లో చేయి చేసుకునే అలవాటు ఉంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, ముందు మా దగ్గరికి రండి.

మోసపోయినవారికీ ఒక మనవి. మీ బాధ చిన్నది కాదు. అయినా బిడ్డ చేత ఫోన్లు వెతికించకండి, రాయబారాలు నడిపించకండి, "నువ్వు ఎవరి వైపు" అని అడగకండి.

నోటుపుస్తకం గురించి ప్రతి లేఖలోనూ రాస్తున్నాను, ఇప్పుడూ రాస్తాను. 1986లో మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన అధ్యయనంలో కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను కలచివేసిన సంగతులు రాశారు. జరిగిందీ, దాని గురించి తమకు అనిపించిందీ రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది. కానీ తర్వాతి ఆరు నెలల్లో వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. రాసిన వెంటనే దిగులు పెరగొచ్చు కాబట్టే పడుకోబోయే ముందు కాకుండా సాయంత్రం రాయమంటాను. స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకు పంపితే వెనక్కి రాదు. కాగితం మీద రాసింది చించేయొచ్చు. గ్రంథాలయంలో తెల్ల నోటుపుస్తకాలు పెట్టాం, పేరు రాయక్కర్లేదు. అమ్మానాన్నలూ, ఆ పుస్తకం తెరవకండి. సంచీ సర్దుతుంటే కనిపించిందని చెప్పడం ఇప్పటికే రెండుసార్లు విన్నాను. చదివారని తెలిస్తే ఆ బిడ్డ మళ్లీ రాయదు.

తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరి గురించి చెప్పకుండా ఉండలేను. బడికి రాని స్నేహితురాలి కోసం నాలుగు రోజుల నోట్సు రాసిపెట్టారు. ఎర్ర పెన్నుతో మార్జిన్లు గీసి, రసాయన శాస్త్రం బొమ్మలు పెన్సిల్‌తో వేసి, ఏ పేజీ ఏ పీరియడ్‌దో పైన రాశారు. ఆ అమ్మాయి వచ్చాక పుస్తకం బల్ల మీద పెట్టారు. ఏం జరిగిందని ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్లను చూసి ఎంత గర్వపడ్డానో మాటల్లో చెప్పలేను.

మీ బిడ్డ "బతకాలని లేదు" అంటే, బెదిరింపులా అనిపించినా సరే, ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. మిగతా దేనికైనా గ్రంథాలయం పక్క గదిలో మధ్యాహ్నం బెల్లు నుంచి కౌన్సెలర్ ఉంటారు. పిల్లలు కారణం చెప్పకుండానే వెళ్లొచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు