గాయపడ్డ పక్షుల గుమ్మంలో ఎలాంటి శిల్పం ఉండాలి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. వన్యప్రాణుల చికిత్సా పునరావాస కేంద్రం ఆవరణలో భారీ పక్షి శిల్పాన్ని నెలకొల్పాలని తమ శాఖ తలపెట్టినట్లు తెలిసి, లోహశిల్పాలు చేసే వృత్తిలో ఉన్నవాడిగా ఎంతో సంతోషించాను. అయితే పరిశీలనలో ఉన్న నమూనాలో అద్దంలా మెరిసే స్టీలు రెక్కలు, రాత్రిళ్లు నేల నుంచి ఆకాశంలోకి వెలుగు చిమ్మే దీపాలు చూశాక ఈ లేఖ రాయక తప్పలేదు.

మెరుగుపెట్టిన స్టీలులో చెట్లు, ఆకాశం కనిపిస్తాయి. అది ప్రతిబింబమని పక్షికి తెలియదు. ఖాళీ దారి అనుకొని అదే వేగంతో వచ్చి కొట్టుకుంటుంది. గాజు గోడలకు తగిలి తల దెబ్బతిన్న పక్షులకు వైద్యం చేసే చోట, అదే ప్రమాదాన్ని మనమే గుమ్మంలో నిలబెట్టడం విడ్డూరం కాదా? దీపాల సంగతీ అంతే. న్యూయార్క్‌లో సెప్టెంబర్ 11 మృతుల స్మృతిగా ఏటా ఆకాశంలోకి వేసే కాంతి స్తంభాలను ఏడు సంవత్సరాల్లో ఏడు రాత్రులు గమనించిన శాస్త్రవేత్తలు, వాటి ప్రభావం సుమారు 11 లక్షల వలస పక్షులపై పడిందని 2017లో వెల్లడించారు. దీపాలు ఆర్పిన కొద్ది నిమిషాలకే, ఆ వెలుగు చుట్టూ గుమిగూడిన పక్షులు విడిపోయి తమ దారిన పోయాయట.

కాబట్టి మెరుపు లేని ఉక్కు గానీ, రంగు మారి మెరుపు తగ్గిన కంచు గానీ వాడాలని, కాళ్లకు చుట్టుకునే సన్నని తీగలు, చిలుకలు కొరికితే విషమయ్యే జింకు పూత లేకుండా చూడాలని కోరుతున్నాను.

ఇక రూపం గురించి. రెక్కలు చాచి నింగికెగిరే గద్ద బొమ్మను ఏ కూడలిలోనైనా పెట్టవచ్చు. ఈ కేంద్రానికి మాత్రం తనదైన విద్య ఒకటి ఉంది. పెద్ద ఈకలు విరిగిన డేగ, అవి రాలి కొత్తవి మొలిచే దాకా సరిగా ఎగరలేదు. అందుకు ఏడాది, అంతకు మించి కూడా పట్టవచ్చు. అంతకాలం బోనులో మగ్గనీయకుండా, డేగలను పెంచే వేటగాళ్లు ఏనాడో కనిపెట్టిన ఉపాయాన్నే వైద్యులు వాడతారు. అదే జాతి పక్షి రాల్చిన ఈకను, కుడి రెక్కకు కుడిదే, మూడో ఈకకు మూడోదే ఎంచి, పొడవు సరిచూసి కోసి, విరిగిన కాడ బోలులోకి సన్నగా చెక్కిన వెదురు పుల్లను జిగురుతో దించి, పుల్ల రెండో కొసకు ఆ ఈకను తొడుగుతారు. ఎదిగిన ఈక మన గోరు లాంటిదే కనుక పక్షికి నొప్పి ఉండదు. కొత్త ఈక మొలిచేటప్పుడు అతుకుతో సహా పాతది ఊడిపోతుంది. ఆ పని నేను ఒకసారి దగ్గర నుంచి చూశాను. జిగురు పక్క ఈకకు అంటకుండా కింద చిన్న కాగితం ముక్క పెట్టారు. ఆ ముక్క లాగేసే వరకూ గదిలో ఎవరూ మాట్లాడలేదు.

నా మనవి ఆ రెక్కనే శిల్పంగా మలచమని. డేగ రెక్క చివరన ఉండే పది పెద్ద ఈకల్లో తొమ్మిది ఒకే ఛాయలో, ఒకటి కాస్త వేరే ఛాయలో ఉండి, దాని అతుకు మాత్రం పిల్లల కంటి ఎత్తులో, చేత్తో తడిమి చూసేలా, లోపలి పుల్ల కనిపించేలా తెరిచి ఉండాలి. రెండు నిలువుల ఎత్తు చాలు. (ప్రారంభోత్సవ శిలాఫలకం శిల్పాన్ని మించకుంటే మరీ మంచిది.)

మనుషుల అలికిడే అడవి పక్షికి బెదురు గనుక, ఫొటోల కోసం వచ్చే జనం పక్షుల గదుల వైపు వెళ్లకుండా దీన్ని వెలుపలి ద్వారం వద్దే నిలపాలి. టెండర్లు పిలవక ముందే చిత్రపటాలను అక్కడి పశువైద్యులకు, పక్షులకు మేత పెట్టే సిబ్బందికి చూపించాలని ప్రార్థిస్తున్నాను. తమరు అనుమతిస్తే, అట్టతో పూర్తి కొలతల నమూనా చేసి, దాని నీడ ఏ వేళ ఏ గది మీద పడుతుందో ఒక పగలంతా నిలబెట్టి చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక లోహశిల్పి