శారదకు నాన్న రాయునది

రామనగర్,
అనంతపురం.

చి|| ల|| సౌ|| శారదకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మీ అమ్మ, నేను క్షేమం. నువ్వు, అల్లుడు, చింటూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేస్తే రెండు మాటలు కాకముందే "మీటింగ్ ఉంది నాన్నా, రాత్రికి చేస్తా" అంటావు. నీకు తీరిక దొరికేసరికి మేము నిద్రపోయి ఉంటాం. అందుకని నిదానంగా రాస్తున్నాను. ప్రత్యేకించి సంగతంటూ ఏమీ లేదు.

గోపాలు ఈసారి కూడా పొలమంతా చెనిక్కాయే వేశాడు. సగమన్నా కంది వెయ్యరా అంటే వినలేదు. అదును దాటాక పడింది వాన. మీ అమ్మ మోకాలికి డాక్టరు కొత్త మాత్రలు రాశాడు, మెట్లు ఎక్కొద్దన్నాడు. ఆమె మిద్దె మీద వడియాలు పెట్టడం మానదు. నువ్వైనా చెప్పు, నీ మాట వింటుంది. సుబ్బక్క మనవరాలి నిశ్చితార్థానికి ధర్మవరం పోయివచ్చాం. భోజనాలు బాగా పెట్టారు. పంక్తిలో రామాంజి నా పక్కన కూర్చుని, "శారద డిఫెన్స్ ల్యాబ్ మానేస్తోందంట కదా మామా, యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటుందంట, ఆ తర్వాత ఢిల్లీలో ఏదో పాలసీ సంస్థకు పోతుందంట" అన్నాడు. "అదేం లేదులే" అన్నాను. ఎదురు వరసలో మీ అమ్మ ఓళిగ తుంచి చేతిలో పట్టుకుని, తినకుండా నా మొహమే చూస్తోంది. వాడికి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

ఇంటికి సున్నం వేయించాలి. దీపావళి లోపల అయితే బాగుంటుంది. నీ గదికి ఏ రంగు కావాలో చెప్పు.

ఉగాదికి వచ్చినప్పుడు నువ్వు సంపు దగ్గర నిలబడి ఎవరితోనో మెల్లగా మాట్లాడుతుంటే "నోటీసు పీరియడ్" అన్న మాట నా చెవిన పడింది. బిందె తీసుకుని నేను అటు వచ్చేసరికి ఫోన్ పెట్టేశావు. నీ పని గురించి నేనెప్పుడూ అడగలేదమ్మా. అడగకూడని పని అని నువ్వు చేరిన రోజే అనుకున్నాను. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర ఓర్వకల్లు రేంజిలో లేజర్‌తో డ్రోన్లను కూల్చారని పేపర్లో వచ్చింది. అంతకు ముందు నీ ఫోన్ చాన్నాళ్ళు మోగలేదు. ఆ ముక్క కత్తిరించి నీ సర్టిఫికెట్ల పెట్టెలో పెట్టాను. అందులో నీ చెయ్యి ఉందో లేదో నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ల్యాబ్ లోపల ఏం జరుగుతుందన్నది వేరు, నువ్వు ల్యాబ్‌లో ఉంటావా లేదా అన్నది వేరు. రెండోది తల్లిదండ్రులకు చెప్పకూడని రహస్యం కాదు కదా.

మారడమే తప్పు అంటానేమోనని దాస్తున్నావేమో. నేను అట్లా అనను. పుట్టపర్తి సంగతి నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పినట్టు లేను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. దసరాకు పుట్టపర్తి పోవాల్సిందేనని జేజి పట్టుబట్టింది. మీ పెద్దతాత వద్దన్నా వినలేదు. ధర్మవరం దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. బుక్కపట్నం దాటాక ఆ బస్సు ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తి చూస్తుంటే జేజి చిత్రాన్నం మూట విప్పి ముందు అతనికే పెట్టింది. "కడుపు నిండితే చెయ్యి ఆడుతుందిలే నాయనా" అంది. చెయ్యి ఆడింది కానీ బండి కదల్లేదు. మిగతా దారంతా నడిచాం. నా కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంటే చిన్నాయన భుజాన ఎక్కించుకున్నాడు. పోయేసరికి సభ మొదలైంది. కనుచూపు మేర జనం. బాబా తెలుగులో మాట్లాడుతున్నాడు. పక్కనే మైకు ముందు ఒకాయన నిలబడి వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెబుతున్నాడు. ఆయనెవరని చిన్నాయన అడిగితే, మా పక్కన కూర్చున్న పోస్టుమాస్టరు "సూరి భగవంతం గారు. ఢిల్లీలో రక్షణ మంత్రికి సైన్సు సలహాదారు" అన్నాడు. జేజి ఆ మాటకు బెదిరిపోయి, "అంత పెద్ద ఉద్యోగం వదులుకుని వచ్చేసినాడా?" అంది. "వదల్లేదమ్మా, ఉద్యోగంలోనే ఉన్నాడు" అన్నాడు పోస్టుమాస్టరు. అప్పుడు గానీ జేజికి ఊపిరి ఆడలేదు. తిరుగు దారిలో ఆమె మాట్లాడిందంతా ఆయన ఉద్యోగం గురించే.

తర్వాత ఆర్ట్స్ కాలేజీలో బీఎస్సీ చదివేటప్పుడు మా ఫిజిక్స్ మాస్టారు ఆ పేరే చెబితే నేను బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాను. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి మనిషి. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి, వాల్తేరులో పాఠాలు చెప్పి, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయి, బెంగుళూరు ఐఐఎస్సీకి డైరెక్టరై, ఆ తర్వాత 1961లో రక్షణ శాఖకు వెళ్ళాడు. మరుసటి ఏడాదే చైనా యుద్ధం. 1969 దాకా అక్కడే ఉన్నాడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్న కొఠారీ గారిదీ అదే తీరు. 1948 నుంచి 1961 దాకా రక్షణ శాఖ సలహాదారుగా ఉంటూనే ఢిల్లీ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా కొనసాగాడు. అణుబాంబు పేలితే ఏమవుతుందో మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక పుస్తకం తయారుచేస్తే నెహ్రూ ముందుమాట రాశాడు. ఆ తర్వాత యూనివర్సిటీలను చూసే యూజీసీకి అధ్యక్షుడు, 1964 నుంచి 66 దాకా విద్యా కమిషన్‌కూ అధ్యక్షుడే. నువ్వు చదివిన పది ప్లస్ రెండు ఆయన కమిషన్ సిఫారసే. కలాం గారు ఢిల్లీలో ప్రభుత్వ సైన్సు సలహాదారు పదవి వదిలి 2001లో అన్నా యూనివర్సిటీలో పాఠాలకు వెళ్ళాడు. మీ హైదరాబాదులోనే రక్షణ శాఖ లోహ పరిశోధన ల్యాబ్ డీఎంఆర్‌ఎల్ నడిపిన అరుణాచలం గారు పదేళ్ళు రక్షణ మంత్రికి సలహాదారుగా చేసి, అమెరికాలో ప్రొఫెసరై, తిరిగొచ్చి బెంగుళూరులో విధానాల మీద పరిశోధన చేసే సంస్థ పెట్టాడు. రక్షణ పనికీ, పాఠాలకీ, విధానాలకీ మధ్య ఇంతమంది దాటిన దారి అది. నువ్వు దాటితే నాకు సంతోషమే.

ఢిల్లీలో ఫైళ్ళ మీద సంతకాలు చేసేవాళ్ళ మధ్య నీలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉండాలి కూడా. మన యుద్ధవిమానం తేజస్ సంగతే చూడు. 1983లో మంజూరైంది, 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది, 2016లో గానీ స్క్వాడ్రన్‌కు చేరలేదు. "ఇంత ఆలస్యమా" అని టీవీలో అరవడం తేలిక. 1998లో పోఖ్రాన్ తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టి, విమానం కంట్రోల్ సిస్టం మీద అక్కడ జరుగుతున్న పని ఆపేస్తే, దాన్ని మనవాళ్ళు మళ్ళీ ఇక్కడ ఎట్లా నిలబెట్టుకున్నారో తెలిసినవాళ్ళు ఆ గదుల్లో ఎంతమంది ఉంటారు?

కానీ శారదా, నేను చెప్పిన ఈ పెద్దమనుషుల్లో ఎవరూ విసిగిపోయి లేచి వెళ్ళినట్టు నేను చదవలేదు. నాకున్న టెన్షన్ అదొక్కటే. పోయినసారి ప్రమోషన్ ఇంటర్వ్యూ అయ్యాక నువ్వు చాన్నాళ్ళు ముభావంగా ఉన్నావు. మీ అమ్మ "పిల్ల చిక్కిపోయింది" అంది. ఆ కోపంతోనే బయటికి వస్తున్నావా, లేక అవతల చేయాల్సిన పని కనిపించి పోతున్నావా? మొదటిదైతే కొన్నాళ్ళు ఆగు. చేతిలో ఉన్న పరీక్ష ఏదో అది పూర్తి చెయ్యి. సగంలో దింపిన పనిని పక్కవాడు ఎత్తుకోవడం ఎంత కష్టమో ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తెలుసు.

రెండోదైతే కాగితాలు సక్రమంగా చూసుకో. ఒక్క ముక్క రాజీనామా రాసిచ్చి వచ్చేస్తే పాత సర్వీసు లెక్కలోకి రాదు. ప్రాపర్ ఛానల్‌లో, అంటే ల్యాబ్ ద్వారానే దరఖాస్తు పెట్టి, అభ్యంతరం లేదన్న ఎన్‌ఓసీ తీసుకుని కేంద్ర యూనివర్సిటీకి పోతే టెక్నికల్ రెసిగ్నేషన్ కింద చూస్తారు, పాత సర్వీసు పోదు. ప్రైవేటు సంస్థకు ఆ వెసులుబాటు ఉండదు. అల్లుణ్ణి కూర్చోబెట్టి రూల్స్ చదివించు, అతనికి ఓపిక ఎక్కువ. ఇంకొకటి. క్లాసులో చెప్పినా, పత్రికలో రాసినా, 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీ వెంటే ఉంటుంది. ఒక్కో వాక్యం చూసుకుని రాయి.

ఢిల్లీ అంటే మీ అమ్మకు భయం గాలి గురించి. చిన్నప్పుడు చలి మొదలైతే చాలు నీకు పిల్లికూతలు వచ్చేవి, ఆమె రాత్రంతా నిన్ను వీపు మీద వేసుకుని తిరిగేది. అక్కడ నవంబరు నుంచి పొగ. ఇన్‌హేలర్ ఎక్స్‌పైరీ తేదీ ఇప్పుడే చూడు. చింటూ స్కూలు సంవత్సరం మధ్యలో మార్చొద్దు.

వెంకటేశు వచ్చే సోమవారం లోడుతో హైదరాబాదు వస్తున్నాడు. చెనిక్కాయల పొడి, కొర్రబియ్యం, నాలుగు ఓళిగలు పంపుతున్నాం. ఓళిగలు అదే రోజు తినండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. స్టీలు డబ్బాలు మీ అమ్మవి, వాటిని అతని చేతే వెనక్కి పంపు. అందులోనే ఒక చీటీ పెట్టు. ఉంటున్నావో, పోతున్నావో, ఎందుకో. ఫోన్‌లో చెప్పడం కష్టమనిపిస్తే చీటీలోనే రాయి, నేను చదివి మీ అమ్మకు చెబుతాను.

ఆశీస్సులతో,
నాన్న